చక్కెర సీమలో స్పర్శ తప్పుతున్న పాదాలు

* కుష్ఠు నేర్పిన పాఠం మధుమేహానికీ వర్తిస్తుంది
* డిచ్‌పల్లి అనుభవం జిల్లాకు మళ్లీ అవసరం
* నొప్పి లేని పుండే అసలు ప్రమాదం

నిజామాబాద్/బోధన్: బోధన్ ప్రాంతంలో ‘షుగర్’ అంటే ఒకప్పుడు ఫ్యాక్టరీయే. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. శక్కర్‌నగర్ కాలనీ దాని చుట్టూనే వెలిసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఈ కర్మాగారంలో 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. దాని పునరుద్ధరణపై రాష్ట్ర ప్రభుత్వం 2024లో కమిటీని నియమించిన సంగతి విదితమే. ఇప్పుడు ఇదే గడ్డపై ‘షుగర్ ఉందా?’ అని ఎవరైనా అడిగితే అది ఫ్యాక్టరీ గురించి కాదు, రోగం గురించి. మాట ఒకటే అయినా అర్థం మారిపోయింది.

ఈ రోగం గురించి జరిగే చర్చంతా రక్తంలోని చక్కెర అంకెల చుట్టూనే తిరుగుతోంది. పరగడుపున ఎంత, తిన్న తరువాత ఎంత అన్న లెక్క చదువు రానివారికి కూడా కంఠతా వచ్చేసింది. కానీ ఆ చక్కెర ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కాళ్ల నరాలను తినేస్తున్న విషయం మాత్రం పాదానికి పుండు పడేదాకా బయటపడటం లేదు. సరిగ్గా ఇదే పని చేసే మరో రోగంతో ఈ జిల్లా వందేళ్లకు పైగా పోరాడింది. దాని పేరు కుష్ఠు. ఆ పోరాటంలో నేర్చుకున్న విద్యను ఇప్పుడు మరచిపోతే నష్టపోయేది రైతు కూలీలే.

నరం దెబ్బతింటే ఏమవుతుంది?

మెదడు, వెన్నుపాము నుంచి బయలుదేరి చేతులు, కాళ్లు, ముఖం వరకు వ్యాపించే నరాలను వైద్యులు పరిధీయ నాడులు అంటారు. ఇవి మూడు రకాల పనులు చేస్తాయి. వేడి, చల్లదనం, నొప్పి, స్పర్శ వంటి కబుర్లను మెదడుకు చేరవేస్తాయి. మెదడు ఆజ్ఞలను కండరాలకు అందిస్తాయి. చెమట పట్టడం, రక్తనాళాల బిగువు వంటి మన ప్రమేయం లేని పనులను నడిపిస్తాయి.

ఈ నరాలు దెబ్బతిన్నప్పుడు మొదట తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లుండటం, అరికాళ్ల మంటలు కనిపిస్తాయి. రాత్రివేళ ఇవి మరింత ఎక్కువవుతాయి. తరువాత స్పర్శ తగ్గుతుంది. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. మంటలు తగ్గిపోయాయని, రోగం నయమైందని సంతోషిస్తున్నారు. నిజానికి మంటను తెలియజేసే నరమే చచ్చుబడిపోయి ఉండవచ్చు. చెమట పట్టని చర్మం ఎండిపోయి పగుళ్లిస్తుంది. కండరాలు బలహీనపడి వేళ్లు వంకరపోతాయి. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియని స్థితి వస్తుంది.

చెరకు తోటలో పనిచేసే కూలీకి మోడు గుచ్చుకుంటే నొప్పి పుట్టి కాలు వెనక్కి తీసుకుంటాడు. గాయానికి కట్టు కట్టుకుని నాలుగు రోజులు కుంటుతూ నడుస్తాడు. ఆ కుంటడమే గాయానికి మందు, ఎందుకంటే బరువు దానిపై పడదు. స్పర్శ లేనివాడు కుంటడు. పుండు మీదే రోజంతా నడుస్తాడు. చీము పట్టి వాసన వచ్చేదాకా ఇంట్లోవారికి కూడా తెలియదు. వేలు, పాదం, చివరకు మోకాలి వరకు తొలగించే పరిస్థితికి దారితీసేది ఈ నొప్పి లేని నడకే. నొప్పి శత్రువు కాదు, కాపలాదారు అన్నది కుష్ఠు వైద్యం ప్రపంచానికి నేర్పిన మొదటి పాఠం.

డిచ్‌పల్లి ఘనచరిత్ర

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోని డిచ్‌పల్లి నేడు తెలంగాణ విశ్వవిద్యాలయానికి చిరునామా. దానికి ఎంతో ముందే ఈ ఊరు దేశవ్యాప్తంగా వైద్యరంగంలో పేరు సంపాదించింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1915లో ఇక్కడ విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని స్థాపించారు. నిజామాబాద్‌కు చెందిన సంపన్నుడు రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం ఇందుకు ఆధారమైంది. ఊళ్ల నుంచి వెలివేయబడి చెట్ల కింద, సత్రాల అరుగుల మీద బతుకు వెళ్లదీసే రోగులకు ఇల్లు, పొలం, పని, వైద్యం ఒకేచోట దొరికిన తావు అది. ఇసబెల్ కెర్‌కు నాటి ప్రభుత్వం 1923లో కైసర్-ఇ-హింద్ పతకం ప్రదానం చేసింది.

ఆ రోజుల్లో ఉన్న మందు చాల్మూగ్రా జాతి గింజల నూనె ఒక్కటే. దానిని సూదిమందుగా ఎక్కించేవారు. ఇదే డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో అనంతర కాలంలో నైజీరియా వెళ్లి, 1940ల చివరలో డాప్సోన్ మాత్రను నోటి ద్వారా ఇచ్చి కుష్ఠును అదుపు చేయవచ్చని నిరూపించినవారిలో ఒకరు కావడం గమనార్హం. సూది నుంచి మాత్రకు మారడంతోనే కుష్ఠు వైద్యం ఆసుపత్రి గోడలు దాటి ఊరూరికీ చేరింది.

కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించారు. శరీరంలో చల్లగా ఉండే భాగాలంటే ఈ క్రిమికి ఇష్టం. చర్మంతో పాటు నరాలను కప్పి ఉంచే కణాల్లోకి చొరబడి తిష్ఠ వేస్తుంది. మోచేయి వెనుక నరం దెబ్బతింటే చిటికెన, ఉంగరపు వేళ్లు ముడుచుకుపోతాయి. మోకాలి పక్కన నరం దెబ్బతింటే పాదం వాలిపోయి నేలకు ఈడ్చుకుపోతుంది. చీలమండ వెనుక నరం దెబ్బతింటే అరికాలు మొద్దుబారుతుంది. ముఖ నరం దెబ్బతింటే కనురెప్ప మూతపడదు. అంటే చర్మంపై మచ్చ కనిపించినా కుష్ఠు అసలు స్వభావం నరాల రోగమే. వేళ్లు వాటంతటవే ఊడిపోతాయన్నది అపోహ. స్పర్శ లేని వేళ్లకు తగిలిన కాలిన గాయాలు, పుండ్లే వాటిని అరగదీస్తాయి.

లెక్కల్లో లేనివారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. మనదేశం 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమాన్ని చేపట్టింది. నాడు పది వేల జనాభాకు 57.8గా ఉన్న రోగుల సంఖ్య 2005 డిసెంబరు నాటికి ఒకటి కంటే తక్కువకు చేరింది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు తొలగిపోయిందని ప్రభుత్వం ప్రకటించింది. ఇది చిన్న విజయం కాదు. లక్షలాది మంది అంగవైకల్యం నుంచి బయటపడ్డారు.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. మందులు వాడుతున్నవారినే రోగులుగా లెక్కిస్తారు. ఆరు నెలలో, ఏడాదో మందులు పూర్తిచేసిన వెంటనే పేరు రిజిస్టరు నుంచి తొలగిపోతుంది. క్రిమి చచ్చిపోతుంది గానీ అప్పటికే చచ్చుబడిన నరం తిరిగిరాదు. మొద్దుబారిన పాదంతో ఆ మనిషి జీవితాంతం నడవాల్సిందే. వ్యాధి నయమైంది కనుక రోగుల జాబితాలో లేడు. పుండు మానదు కనుక ఆరోగ్యవంతుల జాబితాలోనూ లేడు.

రెండో మెలిక సిబ్బందిది. కుష్ఠు కోసమే ప్రత్యేకంగా పనిచేసే సిబ్బంది ఒకప్పుడు ఇంటింటికీ తిరిగేవారు. మోచేయి వెనుక నరాన్ని వేళ్లతో తడిమి ఉబ్బిందో లేదో చెప్పగలిగేవారు. కళ్లు మూయించి పెన్ను మొనతో తాకి స్పర్శ ఉందో లేదో పరీక్షించేవారు. కార్యక్రమాన్ని సాధారణ ఆరోగ్య సేవల్లో విలీనం చేశాక ఆ విద్య పలుచబడింది. ఇరవై కార్యక్రమాల మధ్య కుష్ఠు ఇరవై ఒకటోది అయింది.

దేశంలో నేటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచంలో నమోదయ్యే కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే. క్రిమి ఒంట్లో చేరిన తరువాత లక్షణాలు కనిపించేందుకు సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. అందుకే 2016 నుంచి ఇంటింటి సర్వేలు, 2017 నుంచి ఏటా జనవరి 30న మొదలయ్యే ‘స్పర్శ్’ ప్రచారం చేపట్టాల్సి వచ్చింది. రోగి కుటుంబీకులకు, సన్నిహితులకు ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి కూడా అమల్లోకి వచ్చింది. 2027 నాటికి వ్యాప్తిని పూర్తిగా అరికట్టాలని కేంద్రం లక్ష్యంగా పెట్టుకుంది.

దాచుకుంటే ముప్పే

నిజామాబాద్ జిల్లాకు ఈ విషయంలో రెండు ప్రత్యేక చిక్కులున్నాయి. మొదటిది సరిహద్దు. బోధన్ దాటితే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. పనుల కోసం, చుట్టరికాల కోసం ఇటువారు అటు, అటువారు ఇటు నిత్యం తిరుగుతుంటారు. సీజనుకు వచ్చి గుడిసెలు వేసుకుని చెరకు నరికి వెళ్లిపోయే కూలీల పేర్లు ఏ ఊరి సర్వేలోనూ ఉండవు. చికిత్స ఒకచోట మొదలై మరోచోట ఆగిపోయే ప్రమాదం వీరికే ఎక్కువ.

రెండోది గల్ఫ్ వలస. గల్ఫ్ దేశాల వీసా కోసం చేసే వైద్య పరీక్షల్లో కుష్ఠు ఉన్నట్లు తేలితే అనర్హులుగా పరిగణిస్తారు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన కుటుంబంలో యువకుడి వీపుపై పాలిపోయిన మచ్చ కనిపిస్తే దానిని దాచాలనే ఆలోచన రావడం సహజం. కానీ దాచిన కొద్దీ నరం పాడవుతుంది. మందులు మొదలుపెట్టిన కొద్దిరోజులకే రోగి నుంచి ఇతరులకు సోకే అవకాశం పోతుంది. నరం బలహీనపడిన ఆరు నెలల్లోపు గుర్తించి స్టెరాయిడ్ మందులు వైద్యుల పర్యవేక్షణలో వాడితే కోల్పోయిన శక్తి చాలావరకు తిరిగివచ్చే అవకాశముంది. ఆ గడువు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. దాచడం వల్ల పోయేది వీసా ఒక్కటే కాదు, చేయి కూడా.

చట్టం కొంత మారింది. రోగులను వేరుగా నిర్బంధించేందుకు వీలు కల్పించిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తొలగించారు. కుష్ఠు నయమైనవారిని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. ఇక మారాల్సింది ఊరి మనసు.

ఇప్పుడు వంతు మధుమేహానిది

భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని ఆ సర్వే తేల్చింది. మధుమేహం దీర్ఘకాలం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక స్థాయిలో నరాల దెబ్బ తప్పడం లేదని వైద్యశాస్త్రం చెబుతోంది. రక్తంలో అధికంగా ఉన్న చక్కెర నరాలను పోషించే సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. శరీరంలో అతి పొడవైన నరాలు పాదాలవే కనుక దెబ్బ ముందు అక్కడే తగులుతుంది. మేజోడు తొడిగినట్లు వేళ్ల నుంచి పైకి పాకుతుంది.

కుష్ఠులో క్రిమి చేసిన పనినే ఇక్కడ చక్కెర చేస్తోంది. కారణాలు వేరైనా చివరకు మిగిలేది అదే మొద్దుబారిన పాదం, అదే పుండు. ఒక తేడా మాత్రం ఉంది. కుష్ఠు రోగికి పాదం చూడటం నేర్పేందుకు ఒక వ్యవస్థ ఉండేది. మధుమేహ రోగికి మాత్రల చీటీ ఉంది గానీ పాదం చూసేవారు అరుదు.

కుష్ఠు అనుభవం మధుమేహానికి పనికొస్తుందన్నది ఊహ కాదు, జరిగిన చరిత్ర. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు శస్త్రచికిత్సలు చేసి పేరొందిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. కుష్ఠు పుండ్లకు వాడిన పాదం కట్టు, మెత్తని చెప్పు, రోజూ పాదం చూసుకునే అలవాటు అక్కడి నుంచే అమెరికా మధుమేహ రోగులకు చేరాయి. నేడు ప్రపంచమంతా మధుమేహ రోగుల పాదాలను పరీక్షించే పది గ్రాముల నైలాన్ పోగు కొలమానం కూడా కార్విల్ పరిశోధనల్లో తేలినదే. మన దేశపు కుష్ఠు వార్డుల్లో పుట్టిన విద్య సముద్రాలు దాటింది. డిచ్‌పల్లి నుంచి బోధన్‌కు రావడానికి మాత్రం దారి దొరకడం లేదు.

ఇతర కారణాలూ ఉన్నాయి

కాళ్ల తిమ్మిర్లన్నీ మధుమేహం వల్లనే అనుకోవడం కూడా పొరపాటే. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గి అవే లక్షణాలు వస్తాయి. దీనిని రక్తపరీక్షతో గుర్తించి సులువుగా సరిచేయవచ్చు. తిండి సరిగా తినక మద్యం తాగేవారిలో బి1 విటమిన్ లోపించి నరాలు దెబ్బతింటాయి. కల్తీ కల్లు మానేసినప్పుడు వచ్చే మూర్ఛలు, మతిభ్రమణ మెదడుకు సంబంధించినవి. ఆ రెండింటినీ కలగాపులగం చేసి ‘నరాల బలహీనత’ పేరుతో బలం సూదులు వేయించుకోవడం వల్ల ఫలితం ఉండదు.

పురుగు మందులది మరో కథ. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందు పొరపాటునో, ఆత్మహత్యాయత్నంలోనో ఒంట్లోకి వెళ్లి ప్రాణాపాయం నుంచి బయటపడినవారిలో కొందరికి ఒకటి నుంచి మూడు వారాల తరువాత కాళ్లు చచ్చుబడటం మొదలవుతుంది. అప్పటికి రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసి ఉంటాడు. గండం గడిచిందనుకున్న కుటుంబం ఈ రెండో దెబ్బను ఊహించదు. అందుకే డిశ్చార్జి చేసేటప్పుడే ఈ హెచ్చరిక చెప్పాలి.

బీడీలు చుట్టే మహిళలకు వేళ్ల కొనల స్పర్శే పెట్టుబడి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కుతుంటే మణికట్టు వద్ద నరం నొక్కుకుపోతోందేమో పరీక్షించుకోవాలి. ఇక 2025 ఆరంభంలో పుణె ప్రాంతాన్ని వణికించిన గిలియన్ బారే సిండ్రోమ్ గంటల్లో, రోజుల్లో ముదిరే రోగం. కాళ్ల నుంచి పైకి పాకే బలహీనత, మింగడంలో, శ్వాసలో ఇబ్బంది కనిపిస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి.

చేయాల్సింది కొండంత కాదు

ఇందుకు కోట్ల రూపాయల యంత్రాలు అవసరం లేదు. నైలాన్ పోగు ఖరీదు తక్కువ. పాదాన్ని పరీక్షించేందుకు పట్టే సమయం ఐదు నిమిషాలు. మధుమేహ మాత్రలు ఇచ్చే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉపకేంద్రంలో ఏడాదికి ఒక్కసారైనా రోగి చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. అదే సమయంలో ఒంటిపై స్పర్శ లేని మచ్చలున్నాయా అని అడగాలి. ఒకే పరీక్షతో రెండు రోగాలు దొరుకుతాయి.

కుష్ఠు నయమైనవారికి ఉచితంగా ఇచ్చే మెత్తని ఎంసీఆర్ చెప్పులను స్పర్శ కోల్పోయిన పేద మధుమేహ రోగులకూ ఇవ్వాలి. చెరకు సీజనులో కూలీల గుడిసెల వద్దకు ఆరోగ్య సిబ్బంది వెళ్లాలి. నరాలు తడిమి చూడగలిగిన పాత కుష్ఠు సిబ్బంది విశ్రాంత జీవితంలోనైనా అందుబాటులో ఉన్నప్పుడే వారి చేత ఆశా కార్యకర్తలకు, యువ వైద్యులకు శిక్షణ ఇప్పించాలి. 2013లో ప్రారంభమైన నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల ఈ బాధ్యతకు సరైన వేదిక.

ఇంట్లో చేసుకోవాల్సిన పని ఇంకా సులువు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. కనిపించకపోతే అద్దం పెట్టుకోవాలి, లేదా మనవడినో మనవరాలినో చూడమనాలి. నీళ్ల వేడిని పాదంతో కాక మోచేతితో పరీక్షించాలి. చెప్పులు వేసుకునే ముందు లోపల రాయో ముల్లో ఉందేమో దులపాలి. కాళ్లు కడిగి తుడిచి నూనె రాయాలి గానీ వేళ్ల సందుల్లో తడి ఉండనీయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. అరికాళ్ల చురుకు తగ్గించేందుకు వేడి ఇటుక కాపడం పెట్టుకోవడం మొద్దుబారిన పాదానికి ప్రాణాంతకం. పుండు పడితే నొప్పి లేదని ఊరుకోకుండా అదే రోజు చూపించుకోవాలి.

ఫ్యాక్టరీ సైరన్ మోగినన్నాళ్లు బోధన్ కార్మికుడికి పనివేళలు గుర్తుచేసేందుకు ఒక శబ్దం ఉండేది. ఒంట్లో ఆ సైరన్ పేరే నొప్పి. అది మూగబోయినవారికి ఎవరో ఒకరు రోజూ పాదం చూసి చెప్పాలి. వందేళ్ల క్రితం డిచ్‌పల్లిలో జరిగింది అదే. అది మళ్లీ ప్రతి ఆరోగ్య కేంద్రంలో జరిగితే ఈ జిల్లాలో ఎన్నో కాళ్లు నిలుస్తాయి.